సహాయ కార్యకర్తల శిక్షణ: సర్టిఫికెట్‌కీ సంసిద్ధతకీ మధ్య ఉన్న దూరం

2025 జులై 1తో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశాల్లో నడిపిన కార్యక్రమాలు అధికారికంగా ముగిశాయి. ఐక్యరాజ్యసమితి విభాగాల నుంచి చిన్న స్వచ్ఛంద సంస్థల దాకా ఉద్యోగాలు పోయాయి. ఇలాంటి సమయంలో ముందుగా కోత పడే పద్దుల్లో శిక్షణ ఒకటి. శిక్షణ ఆగితే జరిగే నష్టం ఆ ఏడాది ఖాతాల్లో కనపడదు, తర్వాత వచ్చే తుఫానులోనో వరదలోనో బయటపడుతుంది. మరోపక్క ఉచిత ఆన్‌లైన్ కోర్సులు ఎన్నో దొరుకుతున్నాయి. సోషల్ వర్క్ చదివినవాళ్లు, నర్సులు, సివిల్ ఇంజినీర్లు ఈ రంగంలోకి రావాలనుకుంటే ఏది చదవాలో, ఏ సర్టిఫికెట్‌కు విలువ ఉందో, పరిచయాలు లేకుండా పని దొరుకుతుందో లేదో తెలియక తికమకపడుతున్నారు. అందుకు కారణం ఈ రంగం నిర్మాణంలోనే ఉంది.

లైసెన్సు లేని వృత్తి

డాక్టరు మెడికల్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, లాయరు బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. యుద్ధంలో, కరువులో, ప్రకృతి విపత్తులో చిక్కుకున్నవారికి సాయం చేసే కార్యకర్తకు అలాంటి నమోదు ఏ దేశంలోనూ తప్పనిసరి కాదు. వైద్యం, ఇంజినీరింగ్ వంటి పనులకు ఆయా వృత్తుల అర్హతలు ఉంటాయి. కానీ శిబిరం నడపడం, లబ్ధిదారుల జాబితా తయారుచేయడం, సరుకు పంపిణీని ఏర్పాటు చేయడం ఎవరైనా మొదలుపెట్టవచ్చు. చిన్న పొరపాటుతో ప్రాణాలు పోయేది సరిగ్గా ఈ పనుల్లోనే.

నియమాలే లేవని కాదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1991 డిసెంబరులో చేసిన 46/182 తీర్మానం మానవత, తటస్థత, నిష్పాక్షికత అనే మూడు సూత్రాలను చెప్పింది. స్వతంత్రత తర్వాత చేరింది. నిష్పాక్షికత అంటే అందరికీ సమానంగా పంచడం అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. అవసరం ఎవరికి ఎక్కువ ఉంటే వారికి ముందు, ఎక్కువగా ఇవ్వాలని దాని అర్థం. ఊళ్లో ఇల్లు కూలినవాళ్లు 40 కుటుంబాలు, ఇంట్లోకి నీళ్లు వచ్చి తగ్గినవాళ్లు 300 కుటుంబాలు ఉంటే, ఉన్న 100 టార్పాలిన్లను చీటీలు వేసి 340 కుటుంబాలకు పంచడం నిష్పాక్షికత కాదు. శిక్షణలో మొదటి రోజు ఇలాంటి లెక్కమీద గంటసేపు వాదన జరగాలి. అది జరగకుండా సూత్రాలను తెరమీద చూపించి ముందుకు పోతే ఆ గంట వృథా.

1994లో గోమా, ఆ తర్వాత పుట్టిన ప్రమాణాలు

రువాండా మారణహోమం తర్వాత 1994 జులైలో లక్షలమంది శరణార్థులు కొద్దిరోజుల్లోనే సరిహద్దు దాటి అప్పటి జైర్ దేశంలోని గోమాకు చేరారు. కింద గట్టి లావా రాయి. మరుగుదొడ్డికి గుంట తవ్వడం కూడా కష్టం. కలరా, రక్త విరేచనాలు చుట్టుముట్టి మొదటి నెలలోనే దాదాపు 50 వేలమంది చనిపోయారు. సహాయ సంస్థలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. కొన్ని అద్భుతంగా పనిచేశాయి, కొన్నిటికి కలరా రోగికి ద్రవాలు ఎంత వేగంగా ఎక్కించాలో తెలిసిన సిబ్బంది కూడా లేరు. 1996లో వచ్చిన ఉమ్మడి మూల్యాంకనం ఈ తేడాను బయటపెట్టింది.

రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి విపత్తు సహాయానికి కనీస ప్రమాణాలు నిర్ణయించేందుకు 1997లో స్ఫియర్ ప్రాజెక్టు ప్రారంభించాయి. దాని హ్యాండ్‌బుక్ తాజా కూర్పు 2018లో వచ్చింది. నీరు–పారిశుద్ధ్యం, ఆహార భద్రత–పోషణ, నివాసం, ఆరోగ్యం అనే నాలుగు సాంకేతిక అధ్యాయాలు అందులో ఉన్నాయి. 2014లో వచ్చిన కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ బాధితుల పట్ల సంస్థల జవాబుదారీతనం గురించి తొమ్మిది హామీలు చెబుతుంది. దాన్ని 2024లో సవరించారు. ప్రపంచంలో చాలాచోట్ల ప్రాథమిక శిక్షణ పాఠ్యాంశాలకు ఈ రెండే వెన్నెముక.

600 మంది ఉన్న పునరావాస కేంద్రం: ఒక లెక్క

శిక్షణ ఏం నేర్పాలో చూడటానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. కోస్తాలో తుఫాను హెచ్చరిక వచ్చింది. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 600 మందిని ఉంచారు. అక్కడ 16 తరగతి గదులు, 8 మరుగుదొడ్లు ఉన్నాయి. ఒక్కో గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు.

స్ఫియర్ ప్రకారం మనిషికి కప్పు కింద కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. గది వైశాల్యం 48 చదరపు మీటర్లు, అంటే గదికి 13 మంది. 16 గదుల్లో పట్టేది 208 మందే. మిగతా 392 మందిని ఏం చేయాలి? పుస్తకంలో అంకె బట్టీపట్టిన వ్యక్తి ఇక్కడే ఆగిపోతాడు. బాగా నేర్చుకున్న వ్యక్తి వేసే ప్రశ్న వేరు: వీళ్లు ఉండేది ఒక రాత్రా, రెండు వారాలా? గాలివాన తగ్గేదాకా ఒక రాత్రయితే ప్రాణం కాపాడే గట్టి కప్పు ముఖ్యం, ఇరుకును భరించవచ్చు. మూడోరోజుకు కూడా నీళ్లు తగ్గకపోతే తట్టు, ఊపిరితిత్తుల జబ్బులు పాకే ప్రమాదం పెరుగుతుంది. అప్పటికి రెండో భవనం సిద్ధంగా ఉండాలి. కాబట్టి దాన్ని మొదటిరోజే వెతకాలి.

నీళ్లకు వద్దాం. మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున 600 మందికి 9,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు రోజూ రెండుసార్లు రావాలి. నిమిషానికి 7.5 లీటర్లు వచ్చే కుళాయికి 250 మంది చొప్పున మూడు కుళాయిలు అవసరం. 9,000 లీటర్లు ఆ మూడింటి ద్వారా పట్టుకోవడానికి 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ట్యాంకరు సాయంత్రం నాలుగింటికి వస్తే ఈ లెక్క మొత్తం తప్పుతుంది. నీళ్లు ఉంటాయి, పట్టుకోవడానికి వెలుతురు ఉండదు. ఆడవాళ్లు చీకట్లో వరసలో నిలబడాలి. లీటర్ల లెక్క సరిపోయినా వాళ్ల భద్రత లెక్క తప్పినట్టే.

క్లోరినేషన్లో జరిగే పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. 5,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 10 గ్రాముల క్లోరిన్ కావాలనుకుందాం. 33 శాతం బలమున్న తాజా బ్లీచింగ్ పౌడరయితే దాదాపు 30 గ్రాములు చాలు. తెరిచిన సంచి గోదాములో నెలల తరబడి తేమ పీల్చి 15 శాతానికి పడిపోతే అదే పనికి 67 గ్రాములు కావాలి. బురదనీరయితే మట్టిలోని సేంద్రియ పదార్థమే క్లోరిన్‌ను తినేస్తుంది, ఏ మోతాదూ చాలదు. ముందు నీటిని తేర్చాలి. పౌడరును నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. బకెట్లో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట పోయాలి. అరగంట ఆగి పరీక్ష కిట్‌తో చూడాలి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ పనిని ఒక్కసారైనా చేత్తో చేయని మనిషికి నీటి శుద్ధిపై ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా ఆ రోజు అక్కరకు రావు.

మరుగుదొడ్ల దగ్గర ఇంకో చిక్కు. స్ఫియర్ 20 మందికి ఒకటి అంటుంది, అంటే 30 కావాలి. విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 12 కింద జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ (ఎన్డీఎంఏ) ఇచ్చిన కనీస ప్రమాణాలు 30 మందికి ఒకటి అంటాయి, అంటే 20. తొలిరోజుల్లో 50 మందికి ఒకటి సరిపెట్టుకోవచ్చని స్ఫియరే ఒప్పుకుంటుంది, అంటే 12. ఉన్నవి 8. ఏ లెక్కన చూసినా తక్కువే. వాదులాడుతూ కూర్చోకుండా వెంటనే నాలుగు తాత్కాలికంగా కట్టి, ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆడవాళ్లకు కేటాయించి, రోజుకు ఎన్నిసార్లు కడగాలో, ఎవరు కడగాలో రాసి పెట్టడం మొదటిపని. ఆడవాళ్లకు మూడు, మగవాళ్లకు ఒకటి చొప్పున ఉండాలన్నది స్ఫియర్ సూచన.

ఇక్కడ రెండు భావనలను విడదీసి చూడాలి. అందరికీ తగినన్ని సురక్షితమైన నీళ్లు గౌరవంగా అందాలన్నది ప్రమాణం. అది ఎక్కడైనా మారదు. 15 లీటర్లు అనేది ఆ ప్రమాణం నెరవేరిందో లేదో చూసే సూచిక. పరిస్థితిని బట్టి సూచిక మారవచ్చు. కానీ ఎందుకు మారిందో, దాని వల్ల వచ్చే ముప్పును ఎలా తగ్గిస్తున్నారో చెప్పగలగాలి.

ఏ కోర్సులో ఏముంటుంది

మొదటి రకం పరిచయ కోర్సులు: సూత్రాలు, స్ఫియర్, ప్రవర్తనా నియమావళి. హ్యుమానిటేరియన్ లీడర్‌షిప్ అకాడమీ నడిపే కాయా, అలాగే డిజాస్టర్‌రెడీ వేదికల్లో ఇవి ఉచితం. రెండోది భద్రత. ఐక్యరాజ్యసమితి సిబ్బందికి బీసేఫ్ అనే ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి. ఘర్షణ ప్రాంతాలకు వెళ్లేవారికి హీట్ అనే మూడు నుంచి ఐదు రోజుల నేరుగా జరిగే శిక్షణ ఉంటుంది. చెక్‌పోస్టు, కాల్పులు, కిడ్నాప్ పరిస్థితులను అందులో నటించి నేర్పుతారు. రక్తస్రావాన్ని ఆపడం సాధన చేయిస్తారు. ఖర్చు ఎక్కువ కావడంతో విదేశీ సిబ్బందికి దొరికినంతగా స్థానిక సిబ్బందికి దొరకదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ కార్యకర్తలు హతులయ్యారని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. వారిలో అత్యధికులు తమ సొంత దేశంలో, సొంత సమాజంలో పనిచేస్తున్నవారే. స్థానిక సిబ్బందికి శిక్షణ తక్కువ దొరుకుతుందన్న మాటను దీని పక్కన పెట్టి చదివితే మనసు కలుక్కుమంటుంది.

మూడోది మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శి దీన్ని మూడు పనులుగా చెబుతుంది: చూడటం, వినడం, సాయం చేయగలిగేవారితో కలపడం. ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి’ అని బాధితుల్ని తవ్వి తవ్వి అడగడం మేలుకన్నా కీడే చేయవచ్చు. మంచి మనసుతో వచ్చిన వాలంటీర్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఆ తర్వాత సాంకేతిక శిక్షణలు. లండన్‌లో 1980లో ఇంజినీర్ల కోసం పుట్టిన రెడ్‌ఆర్ ఇందులో పాతకాపు. దాని భారత విభాగం పుణెలో ఉంది. దీర్ఘకాలిక చదువు కావాలంటే ఐరోపాలో నోహా విశ్వవిద్యాలయాల కూటమి, మన దేశంలో ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వంటివి మాస్టర్స్ స్థాయి చదువులు నడుపుతున్నాయి.

సర్టిఫికెట్ చెప్పేది, చెప్పనిది

ఆన్‌లైన్ కోర్సు చివర వచ్చే కాగితం సాధారణంగా హాజరుకు మాత్రమే సాక్ష్యం. ప్రశ్నలకు మళ్లీ మళ్లీ ప్రయత్నించి జవాబు పెట్టే వీలుంటే అది చదివినట్టు కూడా చెప్పదు. నియామకాలు చేసేవాళ్లకు ఇది తెలుసు. అందుకే ఇంటర్వ్యూలో పైన చెప్పిన 600 మంది లెక్కలాంటిది ఇచ్చి 40 నిమిషాల్లో ప్రణాళిక రాయమంటారు. నేర్చుకున్నది నిజంగా పరీక్షించి డిజిటల్ బ్యాడ్జి ఇచ్చే హెచ్‌పాస్ వంటి ప్రయత్నాలు ఈ లోటును పూడ్చడానికి వచ్చాయి.

తరగతి గదిలో జరిగే శిక్షణలూ మూడుచోట్ల దెబ్బతింటాయి. ఎవరికి అవసరమో వాళ్లను కాకుండా ఆ వారం ఖాళీగా ఉన్నవాళ్లను పంపడం మొదటిది. తుఫానుల కాలానికి ముందు కాకుండా ఆర్థిక సంవత్సరం చివర, డబ్బు మిగిలినప్పుడు పెట్టడం రెండోది. దీంతో నేర్చుకున్నది వాడేలోగా మరుపు వస్తుంది. మూడోది అన్నిటికంటే చేదు: చిన్న సంస్థ కష్టపడి తర్ఫీదు ఇచ్చిన మనిషిని పెద్ద సంస్థ రెట్టింపు జీతంతో విపత్తు మధ్యలోనే తీసుకుపోవడం. మనిషిని తప్పుపట్టలేం. పెద్ద సంస్థలు తీసుకున్న వ్యక్తికి బదులు ఆ చిన్న సంస్థకు పరిహారం చెల్లించాలన్న ప్రతిపాదన ఈ రంగంలో ఎప్పటినుంచో ఉంది. నాకు అది న్యాయంగానే తోస్తుంది.

నెట్‌వర్క్ అంటే విజిటింగ్ కార్డులు కాదు

విపత్తు సహాయంలో నెట్‌వర్కింగ్‌కు మొదటి అర్థం సమన్వయం. ఎవరు, ఏ పని, ఎక్కడ చేస్తున్నారనే పట్టిక దానికి ఆధారం. ఈ పట్టిక ఉంటే ఒక ఊరికి మూడు సంస్థలు బియ్యం ఇచ్చి పక్క ఊరిని వదిలేయడం ముందే కనపడుతుంది.

2004 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం జిల్లాకు వందల సంస్థలు వచ్చాయి. దేశం నలుమూలల నుంచి పంపిన పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. ఆ గందరగోళంలో దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్య, స్నేహ అనే స్థానిక సంస్థ కలిసి కలెక్టరేట్‌లోనే స్వచ్ఛంద సంస్థల సమన్వయ కేంద్రం ప్రారంభించాయి. రంగాలవారీగా సమావేశాలు, గ్రామాలవారీగా సమాచారం, ప్రభుత్వంతో మాట్లాడటానికి ఒకే దారి. అది పనిచేయడానికి కారణం కొత్త పద్ధతి కాదు. ఆ సంస్థలకు మత్స్యకార గ్రామాల పెద్దలతో, అధికారులతో ఏళ్ల తరబడి ఉన్న పరిచయం. విపత్తు వచ్చాక పరిచయం చేసుకోవడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమవుతుంది.

అంతర్జాతీయ స్థాయిలో 2005లో వచ్చిన క్లస్టర్ పద్ధతి ఇదే పనిని వ్యవస్థగా మార్చింది. క్లస్టర్ అంటే ఒక్కో రంగంలో పనిచేసే సంస్థల సమన్వయ బృందం. ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, నీరు–పారిశుద్ధ్యానికి యునిసెఫ్, రవాణాకు ప్రపంచ ఆహార కార్యక్రమం నాయకత్వం వహిస్తాయి. అదే పద్ధతి 2010 హైతీ భూకంపంలో విమర్శల పాలైంది. సమావేశాలు చాలావరకు ఇంగ్లిష్‌లో, ఐక్యరాజ్యసమితి స్థావరం లోపల జరిగాయి. ఫ్రెంచ్, క్రియోల్ మాట్లాడే స్థానిక సంస్థలకు లోపలికి వెళ్లడమే కష్టమైంది. వీధుల సంగతి తెలిసినవాళ్లు గేటు బయట, డబ్బు ఉన్నవాళ్లు గేటు లోపల.

రెండో అర్థం ఉద్యోగాలకు సంబంధించినది. అత్యవసర నియామకాల్లో కొంత భాగం రోస్టర్ల ద్వారా జరుగుతుంది. ముందుగా ఇంటర్వ్యూ, రెఫరెన్సులు పూర్తిచేసి సిద్ధంగా ఉంచిన నిపుణుల జాబితా అది. పిలుపు రాగానే రోజుల్లో బయల్దేరాలి. మీ యజమాని కొన్ని నెలలు సెలవు ఇస్తారా అన్నది సాంకేతిక నైపుణ్యమంత ముఖ్యం. ప్రకటనలు ఎక్కువగా రిలీఫ్‌వెబ్ అనే వెబ్‌సైట్‌లో వస్తాయి.

పరిచయాల మీద మాత్రమే నడిచే నియామకాలకు ఒక ప్రమాదకరమైన ముఖమూ ఉంది. హైతీలో బ్రిటన్ సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ సిబ్బంది కొందరి లైంగిక దుష్ప్రవర్తనపై 2011లో విచారణ జరిగింది. కొందరిని తొలగించారు, కొందరు రాజీనామా చేశారు. 2018లో ఇది బయటికొచ్చినప్పుడు, అలా వెళ్లిపోయినవారికి ఇతర సహాయ సంస్థల్లో మళ్లీ పని దొరికిందని కూడా తేలింది. ‘నాకు తెలిసినవాడే’ అన్న మాట బాధితులకు రక్షణ కాలేదు. 2019లో మొదలైన దుష్ప్రవర్తన వెల్లడి పథకంలో చేరిన సంస్థలు అభ్యర్థి అంతకుముందు పనిచేసిన చోట్ల అలాంటి చర్యలు ఎదుర్కొన్నారా అని ఒకరినొకరు నేరుగా అడిగి తెలుసుకుంటాయి.

లైసెన్సు పెట్టాలా? రెండు వైపుల వాదన

పెట్టాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. బాధితుడికి తన దగ్గరికి వచ్చిన కార్యకర్తను ఎంచుకునే అవకాశం లేదు. కాబట్టి కనీస నాణ్యతకు ఎవరో ఒకరు పూచీ పడాలి. లైసెన్సు ఉంటే తప్పు చేసినవారిని వృత్తి నుంచి తప్పించే వీలుంటుంది. జీతాలకు, ఎదుగుదలకు ఒక నిచ్చెన ఏర్పడుతుంది.

వద్దనేవారి వాదనలోనూ బలముంది. వరదలో మొదటి గంటల్లో మనుషుల్ని బయటికి లాగేది పక్కింటివాళ్లు, పడవ ఉన్న జాలరులు. లైసెన్సు, ఫీజు, ఇంగ్లిష్ పరీక్ష పెడితే ముందు రాలిపోయేది వాళ్లే, ఇప్పటికే అవకాశాలున్న కొద్దిమంది మరింత పైకి వెళతారు. పైగా లైసెన్సు ఇచ్చే అధికారం ప్రభుత్వాల చేతికి వెళితే, తమకు నచ్చని ప్రాంతంలో సాయాన్ని అడ్డుకోవడానికి అదొక ఆయుధం కావచ్చు.

వైద్యరంగం మధ్యేమార్గం చూపింది. హైతీలో అర్హత లేని బృందాల శస్త్రచికిత్సలపై, అనవసరంగా కాళ్లూ చేతులూ తీసేయడంపై వచ్చిన ఆరోపణల తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అత్యవసర వైద్య బృందాల వర్గీకరణను తెచ్చింది. మనిషికి కాకుండా బృందానికి గుర్తింపు ఇస్తుంది. మొదటి రకం స్థిర బృందం రోజుకు కనీసం 100 మంది అవుట్‌పేషెంట్లను చూడగలగాలి. రెండో రకానికి కనీసం 20 పడకలు, రోజుకు 7 పెద్ద శస్త్రచికిత్సలు చేసే సత్తా ఉండాలి. మంచినీళ్లు, కరెంటు, మందులు సొంతంగా తెచ్చుకోవాలి. నీటి సరఫరాకు, శిబిరాల నిర్వహణకు కూడా ఇలా బృందాల స్థాయిలో గుర్తింపు తెస్తే పక్కింటి వాలంటీరు దారికి అడ్డం రాకుండా నాణ్యత పెరుగుతుందని నా అభిప్రాయం.

తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎలా ఉంది

భారత్‌లో విపత్తు సహాయానికి నాయకత్వం ప్రభుత్వానిదే. క్లస్టర్లకు బదులు కలెక్టరు నేతృత్వంలో జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద సంస్థల వైపున స్ఫియర్ ఇండియా వంటి జాతీయ కూటమి, రాష్ట్రాల్లో అంతర సంస్థల బృందాలు పనిచేస్తాయి. జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ దక్షిణ ప్రాంగణాన్ని, ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ప్రాంగణాన్ని 2025 జనవరి 19న కృష్ణా జిల్లా గన్నవరం దగ్గరి కొండపావులూరులో ప్రారంభించారు. కేంద్రం నడిపే ఆపద మిత్ర పథకం దేశంలోని 350 జిల్లాల్లో లక్షమంది వాలంటీర్లకు శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది.

శిక్షణ పొందిన వాలంటీర్ల జాబితా ఉండటం ఒకటి, అది పనిచేయడం ఇంకొకటి. వాలంటీరు ఉపాధికి హైదరాబాదో బెంగళూరో వెళ్లి ఉంటారు, ఫోన్ నంబరు మారి ఉంటుంది, శిక్షణ నాటి తహసీల్దారు బదిలీ అయి ఉంటారు. ఏడాదికి రెండుసార్లు, తుఫానులు వచ్చే మే నెలకు, అక్టోబరుకు ముందు, జాబితాలోని ప్రతి నంబరుకు ఫోను చేసి సరిచూసే బాధ్యత మండలానికి ఒకరికి అప్పగిస్తే చాలావరకు తీరే సమస్య ఇది. దానికి కావలసింది కొన్ని గంటల పని.

భాష సంగతి మాత్రం అంత తేలిక కాదు. పునరావాస కేంద్రంలో నిజంగా పనిచేసేవాళ్లు పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం సభ్యులు. వాళ్లకు అందుబాటులో ఉన్న లోతైన కోర్సులు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. 2016లో దాతలు, సంస్థలు గ్రాండ్ బార్గెయిన్ ఒప్పందంలో నిధుల్లో 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకు అందాలని మాట ఇచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా ఆ లక్ష్యం చాలా దూరంలోనే ఉండిపోయింది. ఇప్పుడు మొత్తం నిధులే తగ్గుతున్నాయి. క్లోరిన్ కిట్ వాడకం, మరుగుదొడ్ల లెక్క, జాబితా తయారీ, మానసిక ప్రథమ చికిత్స: ఈ నాలుగింటిని తెలుగులో, రెండు రోజుల్లో, హైస్కూలు ఆవరణలోనే చేతులతో చేయించి నేర్పడానికి విదేశీ దాతల కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. నేర్పగల ఇంజినీర్లు, నర్సులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.